తిరునాళ్లు వాళ్లవి, శవాలు మనవి



1878లో పారిస్ పట్నంలో ఒక ప్రపంచ తిరునాళ్లు జరిగింది. మే 1న మొదలై నవంబరు 10న ముగిసింది. కోటీ అరవై లక్షల మంది చూసినారు. కరెంటు దీపాలు, మాట్లాడే యంత్రం, ఆవిరి ఇంజన్లు, అమెరికాకి పోవాల్సిన స్వేచ్ఛా విగ్రహం తలకాయ, అన్నీ తెచ్చి అక్కడ నిలబెట్టినారు. మనిషి ఎంత ఎత్తుకు ఎదిగినాడో వచ్చి చూడండని లోకమంతా చాటింపు వేసినారు. ఆ తిరునాళ్లలో ఇండియాకి కూడా ఒక మేడ కట్టినారు.

ఆ మేడ పునాది కాణ్ణుంచి పైకప్పు దాకా లేచిన రెండేళ్లలో ఇక్కడ ఏం జరిగింది? రేణిగుంట, కాళహస్తి, చంద్రగిరి పల్లెల నుంచి కడప, కర్నూలు, బళ్లారి దాకా జనం ఆకులు తిన్నారు, గడ్డలు తవ్వుకుని తిన్నారు, అవీ దొరక్క రోడ్ల పక్కన రాలిపోయినారు.

ఈ రెండూ వేరు వేరు కథలని మనకు నేర్పినారు. తిరునాళ్లని సైన్సు పాఠంలో పెట్టినారు. కరువుని వానల పాఠంలో పెట్టినారు. మేము అనేది ఏమంటే, రెండూ ఒకే ఖాతా పుస్తకంలో ఎదురెదురు పేజీలు. ఒక పేజీలో దొరల గొప్ప. ఇంకో పేజీలో ఆ గొప్పకు కోత పడిన కూలి. మొదటి పేజీని అద్దాల బీరువాలో పెట్టి చూపిస్తారు. రెండో పేజీని మడిచి దాస్తారు. ఆ దాచిన పేజీ పేరే నేరం.

ఎప్పుడో పోయిన దొరల కథ ఇప్పుడెందుకని అడిగేవాళ్లు ఉంటారు. దొరలు పోయినారు గానీ ఆ పద్ధతి పోలేదు. అందుకే చెప్తున్నాం, వినండి.

వాన తప్పింది, సర్కారు చంపింది

1876లో మద్రాసు రాజధానిలో నైరుతి వానా తప్పింది, ఈశాన్య వానా తప్పింది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి దాన్ని ధాత కరువు అన్నారు. మరుసటి ఏడు ఈశ్వర. ఆ ఏడూ తెరిపి లేదు. అప్పటికి చిత్తూరు జిల్లా పుట్టలేదు. అది 1911 మాట. మన ప్రాంతం ఉత్తర ఆర్కాడు జిల్లా కింద ఉండేది, కలెక్టరు కచేరీ చిత్తూరులో ఉండేది.

ఎంతమంది చచ్చినారు? బ్రిటిషు ఏలుబడిలో ఉన్న ప్రాంతాల్లోనే యాభై లక్షలకు పైన అని సర్కారు వేసిన కరువు కమిషనే ఒప్పుకుంది. కోటి దాకా పోయినారని లెక్క కట్టినోళ్లూ ఉన్నారు. 1871 జనాభా లెక్కనీ 1881 జనాభా లెక్కనీ పక్కపక్కన పెట్టి చూడండి. కర్నూలు జిల్లాలో నాలుగోవంతు జనం లేరు. కడపలో ఆరోవంతు లేరు. మన ఉత్తర ఆర్కాడులో పదోవంతుకు దగ్గరగా లేరు. పదేళ్లలో పెరగాల్సిన జనం తరిగిపోయినారు. కొంతమంది సిలోను తోటలకు, మారిషస్‌కు, బర్మాకు ఓడ ఎక్కినారు. మిగతావాళ్లు మట్టిలో కలిసినారు.

వాన పడకపోతే సర్కారేం చేస్తుందయ్యా అని పెద్దమనుషులు అంటారు. దానికి జవాబు సర్కారు దగ్గరే ఉంది. రెండేళ్లు ముందుగా, 1873-74లో బీహారులో కరువొచ్చింది. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి బర్మా నుంచి బియ్యం తెప్పించి పంచినాడు. చావులు బహు తక్కువ. అంటే ఏమిటి? వాన తప్పినా మనిషిని బతికించొచ్చని సర్కారుకి తెలుసు. ఎట్లా బతికించాలో తెలుసు. ఎంత ఖర్చవుతుందో కూడా తెలుసు. కానీ ఆ ఖర్చు చూసి పై దొరలు టెంపుల్ మీద మండిపడ్డారు. కూలోళ్ల ప్రాణానికి ఇంత ఖర్చా అన్నారు. ఆ తిట్లు తిన్న టెంపుల్‌నే 1877 జనవరిలో మన మీదికి పంపినారు, ఈసారి ఖర్చు తగ్గించు అని చెప్పి.

కాబట్టి అన్నలారా, కరువు వానది. చావు సర్కారుది. ఈ రెండు మాటల్ని కలిపి చెప్పేవాడు నేరస్తుడి తరఫు వకీలు.

ఢిల్లీలో విందు, ఇక్కడ ఒక పౌను గింజ

1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ పెద్ద దర్బారు పెట్టినాడు. విక్టోరియా రాణి ఇకమీదట ఇండియాకి చక్రవర్తిని అని చాటడానికి. రాజులు, నవాబులు, జమీందార్లు, ఏనుగులు, గుడారాలు, పట్టు జెండాలు, రోజుల తరబడి విందులు. మన రాజావారికి ఎన్ని ఫిరంగులు పేలుస్తారు, పక్క రాజుకి ఎన్ని పేలుస్తారు, ఇదీ అక్కడ చర్చ. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు తన రాజధానిలో జనం రాలిపోతా ఉంటే ఆ దర్బారుకి పోయినాడు.

విందు ఆకులు ఎత్తేసిన నెలలోనే టెంపుల్ దొర మన కూలి తగ్గించినాడు. కరువు పనిలో రాళ్లు కొట్టే మగవాడికి రోజుకి ఒక పౌను గింజ, ఒక అణా. పౌను అంటే నాలుగు వందల యాభై గ్రాములు. అంతకుముందు ఇచ్చింది ఒకటిన్నర పౌను. ఆడమనిషికి ఇంకా తక్కువ. బిడ్డకు ఇంకా ఇంకా తక్కువ. దాన్ని తిని ఎండలో మట్టి మోయాలి.

మద్రాసు సర్కారులోనే ఆరోగ్య శాఖ పెద్ద డాక్టరు కార్నిష్ దీని మీద తిరగబడినాడు. జైలులో ఖైదీకి పెట్టే తిండి దీనికన్నా ఎక్కువ, దీన్ని తిని పనిచేసే మనిషి బతకడు అని కాగితం మీద రాసి ఇచ్చినాడు. తెలియక జరిగిందని అనడానికి వీల్లేకుండా ఆ కాగితం అడ్డం నిలబడింది. నెలల తరబడి వాదులాడినాక కూలి కొంచెం పెంచినారు. అప్పటికి ఎండిపోయిన ఒళ్లకు ఆ గింజ అరిగే శక్తి కూడా పోయింది.

ఇంకో సంగతి. అదే 1877లో ఈ దేశం నుంచి ఇంగ్లండుకి మూడు లక్షల టన్నులకు పైగా గోధుమలు ఓడల్లో పోయినాయి. గింజల ధరలో సర్కారు వేలు పెట్టకూడదని లిట్టన్ సిద్ధాంతం. ధరలో వేలు పెట్టకూడదు, కూలిలో మాత్రం చెయ్యి పెట్టి కోయొచ్చు! ఇదేం సిద్ధాంతమబ్బా?

ఆకలికి తాళలేక గాదెల మీద పడినోళ్లను, బండ్లు ఆపి గింజలు తీసుకున్నోళ్లను మాత్రం పోలీసులు పట్టుకున్నారు. ఆ రెండేళ్లలో దోపిడీ కేసులు కుప్పలుగా పెరిగినాయని పోలీసు లెక్కలు చెప్తాయి. చారెడు గింజలు తీసుకున్నవాడు దొంగ అని రికార్డుకెక్కినాడు. లక్షల మంది నోటికాడి గింజ తీసినవాడు పొదుపరి అని రికార్డుకెక్కినాడు. నేరం అనే మాటని ఎవరు రాస్తే వాళ్ల చేతిలో ఉంటుంది.

జాబితా ఎవరి చేతిలో ఉండింది?

ఇంతవరకు చెప్పింది విని కొందరు జాతీయవాదులు చప్పట్లు కొడతారు. చూసినారా, అంతా తెల్లోడి పాపమే అంటారు. ఆగండి. మీ చప్పట్లు మాకొద్దు.

ఊర్లో ఎవరికి గంజి, ఎవరికి దానం డబ్బు, ఎవరు నిజంగా దిక్కులేనివాళ్లు అని రాసి ఇచ్చింది ఎవరు? గ్రామాధికార్లు. రెడ్డి, కరణం. మాలవాడ దాకా వచ్చి ఏ గుడిసెలో పొయ్యి వెలగలేదో చూసే కాళ్లు వాళ్లకు ఉండినాయా? అంటు అని ఆమడ దూరం నిలబెట్టినవాడి చేతికే మన ప్రాణాల జాబితా ఇచ్చినారు. దొర కలం పైన, కరణం కలం కింద. రెండు కలాల నడుమ మనం.

దీనికి సాక్ష్యం మన తెలుగు నేల మీదే ఉంది. ఆ కరువులోనే సర్కారు సముద్రం వారగా కాలువ తవ్వించింది. ఒంగోలు దగ్గర బాప్టిస్టు మిషను దొర జాన్ క్లౌ మూడు మైళ్లకు పైగా తవ్వే కంట్రాక్టు తాను తీసుకున్నాడు. ఎందుకు? మిగతా చోట్ల పనికిపోయిన మాదిగల్ని పైకులాల మేస్త్రీలు తిట్టి, కొట్టి, నానా బాధలు పెట్టినారు కాబట్టి. క్లౌ తన పనిలో మాదిగ బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టినాడు. కరువు సాగినన్నాళ్లు బాప్తిస్మం ఇవ్వను అన్నాడు, బియ్యం కోసం వచ్చినారనే మాట పడకూడదని. పని ముగిసినాక 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అదే రోజు పారిస్‌లో తిరునాళ్లు కళకళలాడుతోంది.

ఆ 2,222 మంది దేనికోసం నీళ్లల్లో దిగినారు? మతం మార్చుకున్నారని ఏడ్చేవాళ్లు ఈ ప్రశ్న వేసుకోరు. తిట్టకుండా మట్టి తట్ట ఎత్తించిన చోటు అదొక్కటే వాళ్లు చూసినారు. గడిచిన రెండేళ్లలో ఊరు వాళ్లని ఎట్లా చూసిందో వాళ్లకు బాగా తెలుసు.

మరి ఆ కాలువకు ఎవరి పేరు పెట్టినారు? తవ్విన మాదిగ పేరా? కాదు. ఢిల్లీ విందుకి పోయిన గవర్నరు పేరు. బకింగ్‌హామ్ కాలువ. ఈనాటికీ అదే పేరు.

రైలొచ్చింది, ఎరుకల దొంగైనాడు

మన రేణిగుంట మీదుగా పోయే రైలు దారి గురించి రెండు మాటలు. మద్రాసు నుంచి రాయచూరు దాకా ఆ దారి 1871 కల్లా కలిసిపోయింది. అంటే ధాత కరువు నాటికి మనకు రైలు ఉంది. రైలుంటే కరువుండదని దొరలు చెప్పినారు. లండన్‌లో, పారిస్‌లో తిరునాళ్లు పెట్టినప్పుడల్లా రైలింజన్నే గుడిలో దేవుడిలాగా చూపించినారు. ఆ దేవుడు మన గుమ్మం ముందర నుంచే పోయినాడు. గింజ వచ్చింది నిజమే. కొనే చెయ్యి ఉన్నవాడికి వచ్చింది. కూలి పోయిన చేతికి పొగ వచ్చింది. వర్తకుడికి ధర ఎక్కడ ఎక్కువో తంతిలో తెలిసింది, మూటలు అక్కడికి పోయినాయి.

ఆ రైలు ఇంకో పని కూడా చేసింది. అంతకుముందు సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు, లోపలి సీమ నుంచి ధాన్యం ఎద్దుల మీద, గాడిదల మీద మోసి ఊరూరా అమ్మినవాళ్లు ఎరుకలోళ్లు. రైలూ, సర్కారు ఉప్పు చట్టాలూ కలిసి వాళ్ల వ్యాపారాన్ని నేలమట్టం చేసినాయి. కరువు వాళ్ల ఎద్దుల్ని తినేసింది. బతుకు పోగొట్టినవాడు క్షమాపణ చెప్పినాడా? లేదు. నేరస్తుల జాతి అని పేరు పెట్టినాడు. 1911లో నేరస్తుల జాతుల చట్టం మద్రాసు రాజధానికి తెచ్చినారు. మనుషుల్ని స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి రోజూ హాజరు వేయించినారు. 1952లో గానీ ఆ చట్టం పోలేదు. ఆ ముద్ర పోలీసు ఠాణాల్లో ఇంకా పోలేదు. ఎరుకల అన్నదమ్ముల్ని మనం వేరుగా చూడకూడదనడానికి ఇదే కారణం. ఒకే రైలు కింద పడినోళ్లం.

అద్దాల బీరువాలో ఏముంది?

ఇప్పుడు పారిస్ మేడలోకి పోదాం. ఇంగ్లండు యువరాజు 1875-76లో ఈ దేశం తిరిగినాడు. రాజులు, జమీందార్లు ఆయనకు కానుకలిచ్చినారు. కత్తులు, నగలు, పట్టు, ఏనుగు దంతం. ఆ కానుకలే పారిస్ తిరునాళ్లలో ఇండియా మేడలో మెరిసిన సొత్తు. బర్డ్‌వుడ్ అనే దొర వాటి మీద ఒక పుస్తకమే రాసినాడు. ఏ ఊరి గుడ్డ ఎంత మెత్తన, ఏ ఊరి కుండ ఎంత నున్నన అని మెచ్చుకున్నాడు.

ఆ గుడ్డ నేసిన చెయ్యి ఏమైంది? కరువులో ముందుగా పడిపోయినవాళ్లు ఇద్దరు. ఒకరు భూమిలేని కూలీలు, అంటే మాలలు, మాదిగలు, పరయలు. రెండోవాళ్లు నేతగాళ్లు. తిండికే లేనప్పుడు గుడ్డ కొనేదెవరు? మగ్గం ఆపి రోడ్డు మీద కంకర కొట్టను పోయినారు. గుడ్డ పారిస్‌లో ఉంది, గుడ్డ నేసినవాడు గుంతలో ఉన్నాడు. రాజులిచ్చిన కానుక ఎవరి కష్టం? శిస్తు కట్టినవాడిది. శిస్తు కట్టినవాడి పొలంలో వెట్టి చేసినవాడిది.

హూపర్ అనే సైన్యపు దొర ఆ కరువులో డొక్కలు తేలినవాళ్లని వరసగా కూర్చోబెట్టి ఫోటోలు తీసినాడు. ఆ ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. తీసినవాడి పేరుంది. ఆ ఫోటోల్లో కూర్చున్నవాళ్ల పేర్లు లేవు.

1886లో లండన్‌లో ఇంకో తిరునాళ్లు. వలస దేశాల ప్రదర్శన. యాభై లక్షలకు పైగా జనం చూసినారు. అక్కడ బొమ్మల్ని పెట్టి ఊరుకోలేదు, మనుషుల్నే పెట్టినారు. ఇండియా చేతివృత్తులవాళ్లు ముప్పై మందికి పైగా జనం ముందర తివాచీలు నేసినారు, కుండలు చేసినారు. తాతల కాలం నుంచి వచ్చిన పని అని చూసినవాళ్లు మురిసిపోయినారు. వాళ్లని తెచ్చింది ఏ ఊరి నుంచి? ఆగ్రా జైలు నుంచి. వాళ్లు జైల్లో పని నేర్చిన ఖైదీలు. జైలుని దాచి, పల్లె అని చూపించినారు.

చికాగోలో దొరకని చోటు

1893లో అమెరికాలో చికాగో తిరునాళ్లు. మన బళ్లలో ఈ పేరు తెలియని పిల్లవాడు ఉండడు. సెప్టెంబరు 11న వివేకానందుడు అక్కడ సర్వమత సభలో మాట్లాడినాడు కదా. ఆ ఉపన్యాసాన్ని పిల్లల చేత అప్పజెప్పిస్తారు. మంచిదే. అదే తిరునాళ్లలో ఇంకో గొంతు కూడా లేచింది. దాన్ని మాత్రం అప్పజెప్పించరు.

తెల్లని మేడలు కట్టి దాన్ని తెల్ల పట్నం అన్నారు. రెండు కోట్ల డెబ్బై లక్షల టిక్కెట్లు తెగినాయి. ఆకాశమంత రంగులరాట్నం తిప్పినారు. ఆ తిరునాళ్లకు దగ్గర్లోనే హోమ్స్ అనే హంతకుడు మనుషుల్ని చంపినాడని పుస్తకాల మీద పుస్తకాలు వచ్చినాయి. వాణ్ణి 1896లో ఉరి తీసినారు. ఒక హంతకుడు దొరికితే లోకానికి మనసు కుదుటపడుతుంది, నేరమంటే వీడొక్కడే అనుకోవచ్చు కదా!

పెద్ద నేరం బహిరంగంగా జరిగింది. ఆ తెల్ల పట్నాన్ని నడిపిన కమిషన్లో ఒక్క నల్లవాడికి చోటు లేదు. దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్లని చెట్లకు వేలాడదీసి చంపుతా ఉంటే ఆ మేడల్లో దాని ఊసే లేదు. అప్పుడు ఐడా వెల్స్ అనే ఆమె, ఫ్రెడరిక్ డగ్లస్ అనే పెద్దాయన, ఇంకో ఇద్దరు కలిసి ఒక చిన్న పుస్తకం అచ్చేసినారు. నల్ల అమెరికను ఈ ప్రదర్శనలో ఎందుకు లేడు అనేదే దాని పేరు. డగ్లస్ బానిసగా పుట్టినవాడు. వెల్స్ కూడా బానిస తల్లికి పుట్టింది, పంతులమ్మగా పనిచేసింది, పత్రిక నడిపితే ఆ పత్రిక ఆఫీసుని మూక పగలగొట్టింది. చందాలు పోగుచేసి పుస్తకం వేసినారు. పెట్టడానికి చోటేదీ? నల్లవాళ్ల దేశం హైతీ ఒక మేడ కట్టింది. ఆ మేడకు డగ్లసే పెద్ద. అక్కడ ఒక బల్ల వేసుకుని పంచినారు. మూక హత్యలు, ఖైదీల్ని కూలికి అమ్మడం, ఓటు లాక్కోవడం అన్నీ లెక్కలతో సహా రాసినారు.

తిరునాళ్ల పెద్దలు ఊరికే ఉండలేదు. ఆగస్టు 25న నల్లవాళ్ల దినం అని ఒక రోజు ఇచ్చినారు. పోవాలా వద్దా అని వాళ్లలోనే తగువొచ్చింది. వెల్స్ వద్దంది. డగ్లస్ పోయి ఆ వేదిక మీదే గట్టిగా అడిగినాడు. ఈ తగువు మన సంఘాల్లో లేదా? ఏప్రిల్ 14న దండ పట్టుకుని ఆఫీసర్లు వస్తారు. ఒక రోజు ఇస్తారు, మూడు వందల అరవై నాలుగు రోజులు తీసుకుంటారు. పోతే ప్రశ్న పట్టుకుని పోవాలి, పోకపోతే ప్రశ్నని వీధిలో పెట్టాలి. దండకు తలవంచి ఫోటో దిగి వచ్చేది మాత్రం రెండు దారుల్లోనూ లేదు.

వెల్స్ రాసిన చావులు మనకు కొత్తవా? 1985లో కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. చంపి గోతాల్లో కుట్టి కాలువలో వేసినారు. కింది కోర్టు 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎనిమిది శవాలున్నాయి, చంపినవాడు మాత్రం లేడు.

ఇప్పటి తిరునాళ్లు

2010లో ఢిల్లీలో కామన్వెల్తు ఆటలు జరిగినాయి. దేశం పరువు అన్నారు. ఆ పరువుకి డబ్బు ఎక్కడిది? దళితుల కోసం పక్కన పెట్టిన స్పెషల్ కాంపోనెంట్ ప్లాను నుంచి ఢిల్లీ ప్రభుత్వం 744 కోట్లు ఆటలకు మళ్లించిందని సమాచార హక్కు కింద బయటపడింది. నిధులు మళ్లిన మాట నిజమేనని కేంద్ర హోం మంత్రి రాజ్యసభలో ఒప్పుకోవాల్సి వచ్చింది. ఒక పిల్ల స్కాలర్‌షిప్పు, ఒక వాడ నీళ్లకుళాయి, ఒక హాస్టలు పైకప్పు, అన్నీ కలిసి స్టేడియం దీపాలైనాయి. 1877లో గింజ కోసి దర్బారు. 2010లో ప్లాను కోసి ఆటలు. తేడా ఏముంది?

2020 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు వస్తాడని అహ్మదాబాదులో గుడిసెల వాడ కనపడకుండా గోడ కట్టినారు. 2023 సెప్టెంబరులో జీ-20 సభ అని ఢిల్లీలో గుడిసెలకు అడ్డంగా ఆకుపచ్చ గుడ్డలు కట్టినారు. ఆ గోడకయ్యే ఇటుకతో గుడిసెకు గోడ లేవదా? లేస్తుంది. కానీ లేచిన గోడ ఎవరికీ కనపడదు, కప్పిన గోడ అతిథికి కనపడుతుంది.

మన రాష్ట్రంలో ఏళ్ల తరబడి పోరాడితే 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాను చట్టం వచ్చింది. పదేళ్ల గడువు తీరబోతే 2023లో ఇంకో పదేళ్లు పొడిగించినారు. చట్టం ఉంది. మరి మీ వాడకు ఆ పద్దులో ఏ ఏడు ఏమొచ్చింది? రేణిగుంట మండలంలోగానీ ఇంకే మండలంలోగానీ అడిగితే వేళ్ల మీద లెక్క చెప్పగలిగే సర్పంచి ఎంతమంది? అందరికీ ఇచ్చే పథకంలోనే మన తలలు లెక్కబెట్టి, ఇదే మీ సబ్‌ప్లాను అని రాసుకుంటే అడిగేవాడెవడు? లెక్క తెలియనివాడికి అన్యాయం జరిగినట్టు కూడా తెలియదు.

మన లెక్క మన గోడ మీద

ఒక మాట ఒప్పుకుందాం. తెల్లోడి బడిలోనే మనవాళ్లు అక్షరం నేర్చినారు, తెల్లోడి పటాలంలోనే కొందరు తలెత్తుకున్నారు. ఊరు మూసిన తలుపుని వాడు తన పని కోసమైనా తెరిచినాడు. ఆ తలుపులోంచి వచ్చినవాళ్లం కాబట్టే వాడి ఖాతా పుస్తకం చదవగలుగుతున్నాం. చదవను నేర్పినందుకు చదివింది దాచి పెట్టాలా? దొర నేరం చెప్తే కరణానికి సంతోషం, కరణం నేరం చెప్తే దొరకు సంతోషం. మేము ఇద్దరిదీ చెప్తాం.

ఆ కరువు రోజుల్లో అందరూ ఊరుకోలేదు. 1877లో పూనా దగ్గర జోతిబా ఫూలే సత్యశోధకులు ఆకలి పిల్లలకు అన్నం పెట్టే కేంద్రాలు నడిపినారు. సావిత్రీబాయి ఆ కరువు పల్లెల్లో తిరుగుతా చూసిందంతా ఉత్తరాల్లో రాసింది. దర్బారు గురించి వంద పుస్తకాలున్నాయి. కరువు గురించి ఒక పంతులమ్మ ఉత్తరం ఉంది. ఆ ఉత్తరం లేకపోతే ఆ మాత్రం కూడా ఉండేది కాదు.

ఇంకొకాయన కథ చెప్పి ముగిస్తాం. 1900లో అదే పారిస్‌లో మళ్లీ ప్రపంచ తిరునాళ్లు జరిగింది. ఈసారి డుబాయిస్ అనే నల్ల పంతులు అక్కడికి పోయినాడు. ఏడుపు పట్టుకుని పోలేదు, లెక్క పట్టుకుని పోయినాడు. తన శిష్యులతో కలిసి రంగుల పటాలు గీసినాడు. నల్లవాళ్ల చేతిలో ఎన్ని ఎకరాలు, ఎంతమందికి చదువు, బానిసతనం పోయినాక ఎంత సంపాదించినారు, అన్నీ గీతల్లో, బొమ్మల్లో, ఫోటోల్లో గోడ మీద పెట్టినాడు. మీరు దాచిన పేజీ ఇదిగో అని మేడలోనే తగిలించినాడు. బంగారు పతకం కూడా ఇచ్చినారు. తర్వాత కాలంలో బాబాసాహెబ్ అంబేడ్కర్ 1946లో ఈ డుబాయిస్‌కే ఉత్తరం రాసినాడు, మీ కథా మా కథా ఒక్కటే అన్న అర్థం వచ్చేట్టు. ఊరికే రాయలేదు.

ఈ పని మనం చేయలేమా? డ్రాయింగు కాగితం, రెండు రంగుల స్కెచ్చు పెన్నులు చాలు. ప్రతి వాడలో ఒక పటం గీయండి. మన వాడలో ఎన్ని ఇళ్లు, ఎవరికి ఎంత భూమి. సర్కారు ఇచ్చిన పట్టా భూమి ఎంత, అందులో ఇప్పుడు మన చేతిలో ఉన్నది ఎంత, పోయింది ఎవరి చేతికి. పదో తరగతి దాకా పోయిన ఆడపిల్లలు ఎంతమంది, నడుమలో మానింది ఎంతమంది. శ్మశానానికి దారి ఉందా, లేదా. సబ్‌ప్లాను పద్దులో ఏ ఏడు ఎంత వచ్చినట్టు కాగితం చెప్తుంది, కంటికి కనపడేది ఎంత. కాగితం లెక్కను మండలాఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తీసుకోండి. కంటి లెక్కను మీరే రాసుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి అంబేడ్కర్ విగ్రహం దగ్గర గోడకు అంటించండి.

ఇంకా బతికున్న ముసలోళ్ల దగ్గర కూర్చోండి. వాళ్ల అవ్వ తాతలు కరువుల గురించి చెప్పిన మాటలు, గంజి పోసిన చోటు, ఊరొదిలి పోయినవాళ్ల ఇంటి పేర్లు రాసుకోండి. మన చావుల జాబితా కరణం రాయలేదు. ఇప్పుడైనా మనం రాద్దాం.

రేపు మళ్లీ ఎక్కడో పెద్ద మేడ లేస్తుంది. జెండాలు, దీపాలు, దేశం పరువు అంటారు. మీ వాడలో టీవీ ముందర పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. చూడనీయండి. ఆ పిల్లలకు ఒక్క ప్రశ్న మాత్రం నేర్పండి: దీనికి ఎవరి కూలి కోసినారు?

జై భీమ్!